స్కోరు కంటే ముందు రెజ్యూమే చదవాలి: ఏఐ హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లు వాడాక

నేను హెచ్ఆర్‌లో పనిచేస్తాను. ఉద్యోగ ప్రకటన రాయడం దగ్గర్నుంచి ఆఫర్ లెటర్ ఇచ్చేదాకా, ఆ తర్వాత చేరినవాళ్ల సెలవులు, సందేహాలు, రాజీనామాల దాకా అన్నీ మా టీమే చూసుకుంటుంది. ఈ పనులన్నిటికీ కొన్నేళ్లుగా ఒకే ఏఐ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. దాని పేరు చెప్పడం లేదు. ఏ కంపెనీది కొనాలన్నది కాకుండా, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను రోజూ వాడితే ఎలా ఉంటుందో చెప్పాలని రాస్తున్నాను.

వెతికిపెట్టే పనులు, రాసిపెట్టే పనులు ఇది చాలా బాగా చేస్తుంది. మనుషుల మీద తీర్పు చెప్పమంటే మాత్రం నమ్మలేం. అమ్మడానికి వచ్చినవాళ్లు మాకు డెమోలో ఎక్కువసేపు చూపించింది ఆ తీర్పు చెప్పే భాగాన్నే.

ముందు బాగున్నవి చెబుతాను. ఇంటర్వ్యూ టైమ్ కుదర్చడం అనే పని మా చేతుల్లోంచి పూర్తిగా పోయింది. ప్యానెల్‌లో ఉన్నవాళ్ల క్యాలెండర్లు చూసి, అభ్యర్థికి ఖాళీ సమయాలు పంపి, ఎవరైనా రాలేనంటే మళ్లీ మార్చి, అందరికీ మెయిల్ పంపడం అదే చేసుకుంటుంది. ఈ ఒక్కదాని కోసమైనా డబ్బు పెట్టొచ్చు. పాత దరఖాస్తుల్లో వెతకడం కూడా అంతే. ఇంతకుముందు మనం టైప్ చేసిన పదమే రెజ్యూమేలో ఉంటేనే దొరికేది. ఇప్పుడు ‘జీతాల లెక్కలు చూసినవాళ్లు, ఆడిట్‌కి జవాబు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు’ అని మామూలు మాటల్లో అడిగినా, పేరోల్ అని రాసుకున్నవాళ్లనూ ఇంకో మాటతో రాసుకున్నవాళ్లనూ తెచ్చిపెడుతుంది. చాలాకాలం కిందట వేరే ఉద్యోగానికి వచ్చి కొద్దిలో తప్పిపోయినవాళ్లను ఇలా వెతికి మళ్లీ పిలవగలిగాం. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించిన ఫీచర్.

ఉద్యోగ ప్రకటన రాయించుకోవడం సులువే, కాకపోతే అందులో ఒక చిక్కుంది. నిమిషంలో డ్రాఫ్ట్ వస్తుంది, భాష శుభ్రంగా ఉంటుంది. కానీ మనం అడగని అర్హతలు చేరుస్తుంది. స్టోర్స్ చూసుకునే ఉద్యోగానికి నాయకత్వ లక్షణాలు కావాలంటుంది, డిగ్రీ అక్కర్లేని పనికి డిగ్రీ రాస్తుంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ప్రకటనలో చేరిన ప్రతి అర్హతా తర్వాత వడపోతలో ఇంకొందరిని బయటికి పంపుతుంది. 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి చేసిన అధ్యయనంలో, పని చేయగల అభ్యర్థులు కూడా ప్రకటనలోని షరతులకు అచ్చంగా సరిపోలేదన్న కారణంతో వడపోతలో పోతున్నారని 88 శాతం యాజమాన్యాలు ఒప్పుకున్నాయి. అందుకే డ్రాఫ్ట్ రాగానే ఒక్కో అర్హత మీదా మేనేజర్‌ని అడుగుతాం: ఇది లేకపోతే మొదటి నెలలో ఏ పని ఆగిపోతుంది? జవాబు రాకపోతే ఆ అర్హత తీసేస్తాం.

ఇక స్కోరు విషయం. ప్రతి దరఖాస్తు పక్కనా నూటికి ఇన్ని అని ఒక అంకె వస్తుంది. చాటింగ్ తరహా ఏఐ అందరి చేతుల్లోకీ వచ్చాక దరఖాస్తులు విపరీతంగా పెరిగాయి. ప్రకటనను అందులో పెట్టి, దానికి తగ్గట్టు రెజ్యూమే రాయించుకుని పంపేవాళ్లే ఎక్కువ. కవర్ లెటర్లన్నీ ఒకే మనిషి రాసినట్టుంటాయి. ఇన్నిటిని చదివే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆ అంకె చూడగానే ప్రాణం లేచొస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలుసుకోవాలని మేం కొన్ని పరీక్షలు పెట్టుకున్నాం. ఒకే రెజ్యూమేను రెండు రకాలుగా తయారుచేశాం. ఒకటి మామూలుగా పైనుంచి కిందికి రాసింది, రెండోది పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి అందంగా పేర్చింది. రెండోదానికి స్కోరు బాగా తగ్గింది. కారణం వెతికితే, సాఫ్ట్‌వేర్ ఆ రెండు భాగాలనూ అడ్డంగా కలిపి చదివేసింది, ఏ కంపెనీలో ఏ పని చేశారన్నది తారుమారైంది. ఇంకో పరీక్షలో, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి ఏడాదిన్నర ఉద్యోగం మానేశానన్న ఒక్క వాక్యం చేర్చాం. మిగతాదంతా అదే. మళ్లీ స్కోరు తగ్గింది. ఆ ఏడాదిన్నర వల్ల పనితనం ఎంత తగ్గిందో ఆ యంత్రానికి తెలిసే అవకాశమే లేదు.

ఇలాంటి పరీక్షకు ఎంత బలముందో అమెరికాలోని ఒక కేసు చూపిస్తుంది. ఐట్యూటర్‌గ్రూప్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ 55 ఏళ్లు, ఆపైన ఉన్న మహిళలనూ, 60 ఏళ్లు, ఆపైన ఉన్న పురుషులనూ దానంతట అదే తిరస్కరిస్తోందని అక్కడి సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కేసు వేసింది. ఒక దరఖాస్తుదారు పుట్టిన తేదీ మాత్రం మార్చి రెండు దరఖాస్తులు పెడితే, తక్కువ వయసున్నదానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని ఆ కమిషన్ చెప్పింది. 2023లో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 3,65,000 డాలర్లకు రాజీపడింది. ఒక్క వివరం మార్చి చూడడం ఎవరైనా చేయగల పని. కొనేముందు ట్రయల్ ఇస్తారు కదా, ఆ రోజుల్లోనే చేసి చూడండి.

అమెజాన్ సంగతి చాలామంది వినే ఉంటారు. 2014లో ఆ కంపెనీ రెజ్యూమేలకు మార్కులు వేసే సాధనం తయారుచేయడం మొదలుపెట్టింది. పదేళ్ల పాత రెజ్యూమేలతో దానికి నేర్పారు. అవి ఎక్కువగా మగవాళ్లవి. దాంతో మహిళల క్లబ్బు, మహిళల కాలేజీ లాంటి మాటలు కనిపిస్తే మార్కులు తగ్గించడం అది నేర్చుకుంది. దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. మా సాఫ్ట్‌వేర్ అచ్చం అలాగే చేసిందని నేను అనడం లేదు. కానీ మా పాత నియామకాలను చూసి నేర్చుకునే ఆప్షన్ ఇందులో ఉంది. అది ఆన్ చేస్తే, ఇన్నాళ్లూ ఎలాంటివాళ్లను తీసుకున్నామో అలాంటివాళ్లనే మళ్లీ మళ్లీ పైకి తెస్తుంది. మేం ఆఫ్ చేయించాం.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరొకటి. ఒకే రెజ్యూమేను మా టీమ్‌లో ఇద్దరికి ఇచ్చాం. ఒకరికి స్కోరు కనిపిస్తుంది, ఇంకొకరికి కనిపించదు. తక్కువ స్కోరు చూసినవాళ్లు రాసిన నోట్‌లో అన్నీ లోపాలే. స్కోరు చూడనివాళ్ల నోట్‌లో ఆ అభ్యర్థి ఏం చేయగలడో ఉంది. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే, ఇద్దరూ శ్రద్ధగానే చదివారు. అంకె ముందే కనబడితే కళ్లు దానికి సాక్ష్యం వెతకడం మొదలుపెడతాయి. ‘చివరి నిర్ణయం మనిషిదే’ అని ఈ సాఫ్ట్‌వేర్ బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ మనిషిని స్కోరు ముందే ఒకవైపు తిప్పేస్తే ఆ మాటకు విలువేముంది?

అందుకని సెట్టింగుల్లో ఒక మార్పు అడిగి చేయించుకున్నాం. చదివినవాళ్లు తమ నోట్ సేవ్ చేసేదాకా స్కోరు కనిపించదు. పని నెమ్మదించింది, నిజమే. అన్ని దరఖాస్తులూ ఇలా చదవలేం కాబట్టి ఆ ఉద్యోగానికి తప్పనిసరైన ఒకటి రెండు విషయాలు, అంటే లైసెన్సు ఉందా, ఫలానా షిఫ్టుకు రాగలరా లాంటివి, దరఖాస్తులోనే నేరుగా అడిగి వాటితోనే వడపోస్తున్నాం. ఎందుకు తప్పించామో అభ్యర్థికి చెప్పగలిగే కారణం అప్పుడు మా చేతిలో ఉంటుంది.

ఇంటర్వ్యూ సారాంశం రాసే ఫీచర్ గురించి రెండు మాటలు. మాట్లాడుతున్నప్పుడు నోట్సు రాసుకునే తిప్పలు తగ్గాయి, అభ్యర్థి ముఖం చూసి మాట్లాడగలుగుతున్నాం. కానీ ‘మా టీమ్ చేసింది, నేను అందులో ఉన్నాను’ అని ఒకామె చెబితే, సారాంశంలో ఆ ప్రాజెక్టును ఆమే నడిపినట్టు వచ్చింది. రెండు భాషలు కలిపి మాట్లాడేవాళ్ల జవాబులు సగం సగం వస్తాయి. సారాంశాన్ని నమ్మి మార్కులు వేయకూడదు.

ఉద్యోగుల సందేహాలకు జవాబిచ్చే చాట్‌బాట్ మొదట్లో తలనొప్పిగా ఉండేది, ఇప్పుడు అందరికీ నచ్చింది. అది మన పాలసీ పత్రాల్లోంచి సంబంధించిన ముక్కలు వెతికి, వాటిని బట్టి జవాబు రాస్తుంది. ఫోల్డర్‌లో పాత సెలవుల పాలసీ, కొత్త పాలసీ రెండూ ఉంటే ఏది చేతికందితే అది చదువుతుంది. రద్దయిన నియమాన్ని ఎంతో నమ్మకంగా చెప్పేసింది కూడా. పాత పత్రాలు తీసేసే బాధ్యత ఒకరికి అప్పగించాక ఆ సమస్య చాలావరకు తగ్గింది.

ఈ చాట్‌బాట్‌లో ఇంకో సంగతుంది, దాన్ని ఎవరూ ముందే చెప్పరు. మనుషుల్ని అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు జనం దీన్ని అడుగుతారు. ప్రసూతి సెలవు ఎన్నాళ్లు, నోటీసు పీరియడ్ తగ్గించుకోవచ్చా, మానసిక సమస్యకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని రాత్రిపూట అడుగుతారు. అది మంచిదే, ఎవరి దగ్గరా టెన్షన్ పడకుండా జవాబు దొరుకుతోంది. కానీ మా అడ్మిన్ స్క్రీన్‌లో ఎవరు ఏం అడిగారో పేర్లతో సహా కనిపించేది. రాజీనామా గురించి అడిగినవాళ్ల పేరు మేనేజర్‌కి తెలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పేర్లు కనిపించకుండా చేయించేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఈ సెట్టింగు డిఫాల్ట్‌గానే అలా ఉండాలి.

ఉద్యోగం మానేసే అవకాశం ఎవరికి ఎక్కువో ముందే చెప్పే ఫీచర్‌ను మేం పూర్తిగా తీసేశాం. పేరు పక్కన ఎర్ర గుర్తు వస్తుంది. ఆ గుర్తు చూసిన మేనేజర్, ‘ఇతను ఎలాగూ వెళ్లిపోతాడు కదా’ అని ముఖ్యమైన పనిని ఇంకొకరికి ఇస్తాడు. పని తగ్గినవాడు నిజంగానే వెళ్లిపోతాడు. అప్పుడు సాఫ్ట్‌వేర్ సరిగ్గా చెప్పిందని రిపోర్టు వస్తుంది.

ఉద్యోగాల సంగతేంటని చాలామంది అడుగుతారు. 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9.2 కోట్లు పోతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక అంచనా వేసింది. ఆ లెక్కలో ఏఐ ఒక కారణం మాత్రమే, మిగతావీ ఉన్నాయి. నాకు దగ్గర్నుంచి తెలిసింది మా టీమ్ సంగతి. ఎవరినీ తీసేయలేదు. కానీ జూనియర్లు ఖాళీ చేసిన సీట్లను మళ్లీ నింపలేదు. రెజ్యూమేలు చదవడం, ఫోన్ చేసి వివరాలు కనుక్కోవడం, ఇంటర్వ్యూలు కుదర్చడం లాంటి వాళ్ల పనులే ఈ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాయి.

ఆ పనులు విసుగు పుట్టించేవే. అయితే మనిషిని అంచనా వేయడం మేమంతా నేర్చుకున్నది అక్కడే. వందల రెజ్యూమేలు చదివి, బాగుందనుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో తేలిపోవడం, వద్దనుకున్నవాళ్లు అదరగొట్టడం చూసి చూసి కన్ను కుదిరింది. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజు నుంచే ఏఐ ఇచ్చిన జాబితాను సరిచూడమనేవాళ్లం. ఎప్పుడూ చేయని పనిని సరిచూడడం ఎలా? అందుకే మా దగ్గర ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా ఒక ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులన్నీ స్కోరు లేకుండా చదివి, ఎవరిని ఎందుకు పిలవాలో రాసి, ఒక సీనియర్‌తో కూర్చుని వాదించాలి. టైమ్ వృథా అని పైవాళ్లు అభ్యంతరం చెప్పారు. నేను పట్టుబట్టాను, ఇప్పటికీ పట్టుబడుతున్నాను.

కొనాలనుకునేవాళ్లు పక్షపాతం మీద ఆడిట్ రిపోర్టు, అంటే ఏ వర్గానికైనా అన్యాయం జరుగుతోందా అని తనిఖీ చేసిన రిపోర్టు, తప్పకుండా అడగండి. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి ఇలాంటి సాధనాలకు ఏటా స్వతంత్ర ఆడిట్ ఉండాలన్న చట్టం అమలవుతోంది. ఉద్యోగ నియామకాల్లో వాడే ఏఐని యూరోపియన్ యూనియన్ 2024 చట్టం అధిక ప్రమాదం ఉన్న విభాగంలో పెట్టింది, పనిచేసే చోట మనుషుల భావోద్వేగాలను కనిపెట్టే ఏఐని దాదాపుగా నిషేధించింది. మాకు అమ్మినవాళ్లు కూడా ఒక ఆడిట్ రిపోర్టు చూపించారు. అందులోని లెక్కలు వాళ్ల కస్టమర్లందరివీ కలిపినవి, మావి వేరుగా లేవు. మా దరఖాస్తుల మీద మేమే లెక్క వేసుకున్నాం. అమెరికాలో 1978 నుంచి ఉన్న ఒక కొలమానం ఇందుకు పనికొస్తుంది: ఒక వర్గం ఎంపిక రేటు (దరఖాస్తు చేసిన ప్రతి వందమందిలో ఎంతమంది ఎంపికయ్యారన్నది), అన్నిటికంటే ఎక్కువ రేటున్న వర్గం రేటులో 80 శాతం కంటే తక్కువైతే కారణం వెతకాలి. ఎక్సెల్ వచ్చినవాళ్లెవరైనా వేయగల లెక్క ఇది.

ఈసారి కాంట్రాక్టు పొడిగించాం. వెతకడం, క్యాలెండర్, చాట్‌బాట్, ప్రకటన డ్రాఫ్టులు ఉంచుకున్నాం. స్కోరు ఉంది కానీ నోట్ రాశాకే తెరుచుకుంటుంది. కాంట్రాక్టులో కొత్తగా రెండు షరతులు రాయించాం. మా అభ్యర్థుల రెజ్యూమేలతో వాళ్ల ఏఐకి శిక్షణ ఇవ్వకూడదు. మేం మానేసిన రోజున మా నోట్లతో సహా డేటా అంతా మామూలు ఫైళ్లలో తిరిగి ఇచ్చేయాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు, రెండోదానికి చాలా బేరమాడాల్సి వచ్చింది.