గుంట మగ్గమా, స్టాండు మగ్గమా: 60 దాటిన నేతన్నకు ఏది మేలు?

నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది గుంట మగ్గం, నేల మీద నిలబెట్టిన చట్రం ముందు బల్ల మీద కూర్చుని నేసేది స్టాండు మగ్గం. పోయిన ఎండాకాలం మా ఇంట్లో గుంట పూడ్చి స్టాండు మగ్గం బిగించినప్పటి నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "మా నాయినకూ మోకాళ్ళ నొప్పులే, మార్చమంటవా?" రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నేత పింఛను 50 ఏళ్ళకే మొదలవుతుంది. ఆ వయసుకు నేతగాడి ఒళ్ళు ఏమవుతుందో సర్కారుకూ ఎరుకేనన్నమాట. పింఛను తీసుకుంటూ నేసేవాళ్ళు మా పోచంపల్లి వైపు వాడకు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు.

గుంట మగ్గానికి అన్యాయం చేయను. గుంజలు నేలలో పాతి ఉంటాయి కాబట్టి పలక (పేక పోగును దగ్గరికి కొట్టే చట్రం) ఎంత గట్టిగా కొట్టినా మగ్గం కదలదు. గుంట చల్లదనానికి ఎండల్లోనూ పడుగు (నిలువు పోగులు) అంత తొందరగా తెగదు. కాళ్ళు కిందికే ఉంటాయి, నేసేటప్పుడు మోకాలు మడత పడదు. గుంటలో కూర్చుంటే మోకాళ్ళు పోతాయనే మాట సగమే నిజం.

అసలు కష్టం లేవడంలో ఉంది. నాయిన ఎడమ అరచెయ్యి గుంట అంచుకు ఆనించి, కుడిచేత్తో దూలానికి కట్టిన తాడు పట్టుకుని, ఒక ఊపు ఊగి బయటికి వచ్చేవాడు. వెనక పడుగు తెగితే లేవాలి, పేక నూలు చుట్టిన కండెలు అయిపోతే లేవాలి. షుగరున్న మనిషి, ఒంటికి పోవాలన్నా లేవాలి. ఆ బాధకు జడిసి పొద్దంతా నీళ్ళు తాగడమే మానేశాడు. పొద్దున పెట్టిన చెంబు మధ్యాహ్నం దాకా నిండుగా అట్లనే ఉండేది. అది చూశాకే గుంట పూడ్చాం.

స్టాండు మగ్గంలో బల్ల మీద పక్కకు తిరిగితే చాలు, కాళ్ళు నేలకు ఆనతాయి. లోపాలూ ఉన్నాయి. సరిగా బిగించకపోతే ఊగుతుంది, చోటు ఎక్కువ కావాలి. మొదటి నెల నేత పలచబడింది, "బస్సుల కూసున్నట్టుంది" అని నాయిన ఒకటే సణుగుడు. బల్ల కాళ్ళు రెండు వేళ్ళ మందం కోయించాక సణుగుడు తగ్గింది. బల్ల ఎత్తు కుదరకపోతే మోకాలి నొప్పి నడుముకు మారుతుందంతే. ఖర్చుకు భయపడేవాళ్ళు కేంద్రం వారి హత్కర్ఘా సంవర్ధన్ సహాయత పథకం గురించి అడగండి, మగ్గం ఖర్చులో 90 శాతం వాళ్ళే భరిస్తారు.

జాకార్డు (డిజైను కోసం పడుగు పోగులను లేపే పరికరం) ఎత్తే మోటారు మంచిదే, కాలి బరువు తగ్గుతుంది. లేచే బాధ మాత్రం తగ్గదు.

ఆసు (రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో పోసే పని) సంగతి అడిగినవాళ్ళకు: అక్కడ పోలికే అక్కర్లేదు. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారు. ఇంట్లో అమ్మ ఇంకా చేత్తో పోస్తుంటే ముందు అది తెచ్చుకోండి.

ఇంకో ఏడాదో రెండేళ్ళో నేసి ఆపేస్తానంటున్న పెద్దాయనకు మగ్గం మార్చొద్దు. కొత్తది చేతికి అలవాటయ్యే లోపే ఆయన దిగిపోతాడు. గుంట లోపల పక్కగా ఇటుకలతో ఒక మెట్టు కట్టించండి, పట్టుకోవడానికి తాడుకు బదులు గట్టి గుంజ పాతించండి.