వారంటీకి తీసుకెళ్లిన మైకు సీలు షాపాయనే చింపి, నింద నా మీద వేశాడు. వైజాగ్‌లో మైకు కొనేవాళ్లు జాగ్రత్త

తక్కువ ధర కండెన్సర్ మైకు (స్టూడియోల్లో వాడే సున్నితమైన మైకు) కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు ముందు ఈ ఒక్క మాట వినండి. మైకు పాడై షాపుకి తీసుకెళ్తే, కౌంటర్ దగ్గర దాని స్క్రూ ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఈ సాయంత్రం నా కళ్లముందే షాపాయన మైకు విప్పాడు. విప్పాక "సీలు చిరిగిపోయింది కదా, వారంటీ రాదు" అన్నాడు. చింపింది ఆయనే. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పి కూర్చుని ఇదే రాస్తున్నాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

షాపు పేరు రాయను. ఊళ్లో ఇంటి దగ్గర రికార్డింగ్ చేసుకునేవాళ్లలో చాలామందికి ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నేను పిల్లల కథలు చదువుతాను, చిన్న చిన్న యాడ్‌లకు వాయిస్ ఓవర్ చెప్తాను. పెదవాల్తేరులో మేడ మీద గది. మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె ముందు నుంచీ ఉంది. మైకు 2,800 రూపాయలు. బాక్స్ మీద "లార్జ్ డయాఫ్రమ్ స్టూడియో కండెన్సర్" అని పెద్ద అక్షరాలు, అంటే గొంతు తగిలితే కదిలే లోపలి పొర పెద్దదని. బిల్లు ఇచ్చారు, ఏడాది వారంటీ కార్డు మీద స్టాంపు వేశారు. "ధైర్యంగా తీసుకెళ్లండి మేడమ్, ఏదైనా అయితే నేను లేనా" అన్నాడు షాపాయన. కొని ఇంకా నెల తిరగలేదు.

మొదట్లో బాగానే పలికింది. తర్వాత హెడ్‌ఫోన్స్‌లో మూకుట్లో ఆవాలు వేగుతున్నట్టు చిటపటలు మొదలయ్యాయి. వీధి సద్దు ఉండదని నేను తెల్లవారుజామున రికార్డ్ చేస్తాను. సరిగ్గా ఆ వేళకే మరీ ఎక్కువ. ఒక కథ మొత్తం మళ్లీ చదవాల్సి వచ్చింది, ఇస్తానన్న రోజుకి ఇవ్వలేకపోయాను.

షాపుకి వెళ్తే మొదట వచ్చే మాట "మీ ఇంటర్‌ఫేస్‌లో తేడా ఉంది" అని నాకు తెలుసు. అందుకే ముందే అన్నీ చూసుకున్నాను. మీకూ పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. కేబుల్ మార్చాను, ఇంటర్‌ఫేస్‌లో రెండో ఇన్‌పుట్‌కి పెట్టాను. చార్జర్ తీసేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపాను. గుయ్ మని ఒకే తీరున వచ్చే హమ్ అయితే అది మన 50 హెర్ట్జ్ కరెంటుదో, ఎర్తింగ్‌దో అయ్యుంటుంది, చార్జర్ తీస్తే చాలాసార్లు పోతుంది. నాది హమ్ కాదు, ఆగి ఆగి వచ్చే చిటపట.

తర్వాత ఫాంటమ్ పవర్. కండెన్సర్ మైకుకి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టులు అందాలి. కేబుల్‌లో మైకుకి తగిలించే కొస దగ్గర మల్టీమీటర్ పెట్టి, 1వ పిన్నుకీ 2వ పిన్నుకీ మధ్య ఒకసారి, 1కీ 3కీ మధ్య ఒకసారి చూడాలి. రెండుచోట్లా 44కీ 52కీ మధ్య ఎంత వచ్చినా సరైనదే. ఒకచోట వచ్చి రెండోచోట రాకపోతే లోపం మైకుది కాదు, కేబుల్‌దో ఇంటర్‌ఫేస్‌దో. నాకు రెండుచోట్లా సరిగ్గానే వచ్చింది. సీతమ్మధారలో ఒక ఫ్రెండ్‌కి చిన్న స్టూడియో ఉంది. వాళ్ల మైకు తెచ్చి నా ఇంటర్‌ఫేస్‌కి పెడితే శుభ్రంగా పలికింది. నా మైకు వాళ్ల దగ్గర పెడితే అక్కడా అదే చిటపట.

ఆ ఫ్రెండే ఇంకో పరీక్ష చెప్పారు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, రాత్రంతా మైకుని అందులో ఉంచాను. పొద్దున తీసి పెడితే కాసేపు ఏ సద్దూ లేదు. గది గాలి తగిలాక మళ్లీ మొదలైంది. ఇక అనుమానం లేదు, లోపల ఎక్కడో తేమకి కరెంటు లీకవుతోంది. ఈ మైకుల్లో క్యాప్స్యూల్ (గొంతుని పట్టే భాగం, డయాఫ్రమ్ ఉండేది ఇందులోనే) నుంచి వచ్చే సిగ్నల్ చాలా సున్నితం. అది పోకుండా పక్కన కరెంటుని గట్టిగా అడ్డుకునే గిగా ఓమ్ స్థాయి రెసిస్టర్లు వాడతారు, ఒక గిగా ఓమ్ అంటే 100 కోట్ల ఓమ్‌లు. అంత అడ్డు ఉన్న చోట బోర్డు మీద కాస్త జిడ్డు ఉండి, దానికి తేమ తోడైతే చాలు, అడ్డదారిన కరెంటు పారుతుంది. మనకి వినిపించే చిటపట అదే. జాగ్రత్తగా చేసేవాళ్లు సోల్డరింగ్ అయ్యాక మిగిలే ఆ జిడ్డుని, అంటే ఫ్లక్స్‌ని, కడుగుతారు.

ఇదంతా కాగితం మీద రాసుకుని, రికార్డింగ్ ఫోన్లో పెట్టుకుని, బిల్లూ వారంటీ కార్డూ తీసుకుని వెళ్లాను.

ఆయన రికార్డింగ్ వినలేదు. హెడ్‌ఫోన్స్ ఇవ్వబోతే చేత్తో పక్కకి జరిపాడు. కాగితం చూడలేదు. షాపులో కుర్రాణ్ణి పిలిచి చిన్న స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడు. మైకు పక్కన స్క్రూ మీద గుండ్రటి తెల్ల స్టిక్కరు ఉంది, చెక్కు చెదరలేదు. ఆయన దాన్ని బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"అది వారంటీ స్టిక్కర్ కదండీ" అన్నాను.

"చూడకుండా ఎలా తెలుస్తాది మేడమ్, చూడనివ్వండి" అన్నాడు.

ఎంతో మామూలుగా అన్నాడు. అమ్మినాయనే చూస్తున్నాడు కదా అని ఊరుకున్నాను. స్క్రూలు తీసి గొట్టం లాగాడు. లోపల చూస్తే నాకు నోట మాట రాలేదు. బయట అంత పెద్ద జాలీ, లోపల అర అంగుళం కంటే కాస్త పెద్ద క్యాప్స్యూల్. లార్జ్ డయాఫ్రమ్ అంటే మామూలుగా ఒక అంగుళం ఉండాలి. దాని రెండు సన్న వైర్లూ బోర్డుకి అతికిన చోట గోధుమరంగు ఫ్లక్స్ గడ్డకట్టి ఉంది, కడిగిన ఆనవాలే లేదు. ఒక సోల్డర్ అతుకు మీద కొంచెం పచ్చదనం.

ఆయన ఆ పచ్చదనం మీద వేలు పెట్టి, "ఇదిగో, నీళ్లు పడ్డాయి. మీరే తడిపారు" అన్నాడు.

నీళ్లు పడితే జాలీ మీద, పిన్నుల మీద ఏ మరకా ఎందుకు లేదని అడిగాను. జవాబు లేదు. పోనీ కంపెనీకి పంపండి, వాళ్లే తేలుస్తారు అన్నాను. అప్పుడు మైకు గొట్టం తిప్పి నా ముందు పెట్టాడు. "సీలు ఏది? సీలు చిరిగినది కంపెనీ తీసుకోదు. మీరు ఇంట్లో విప్పుకుని తెచ్చి మా మీద పడితే ఎలాగ?"

ఆ స్టిక్కరు ముక్క ఇంకా ఆయన బొటనవేలి గోటికి అంటుకునే ఉంది.

నేను ఆ వేలు చూపించాను. ఆయన చెయ్యి కౌంటర్ కిందికి దించేశాడు. పక్కనున్న కుర్రాణ్ణి "నువ్వు చూశావు కదా బాబూ" అని అడిగాను. తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, అతనికి జీతం ఇచ్చేది ఆయన. నా కోపమంతా అబద్ధం ఆడి కూడా గొంతు తగ్గించని ఆ పెద్దమనిషి మీదే.

అంతటితో ఆగలేదు. "సముద్రం పక్కన ఇల్లు పెట్టుకుని ఇలాంటి మైకులు కొంటే ఇలాగే ఉంటాది" అన్నాడు. బిల్లు మీద పెదవాల్తేరు అని ఆయన చేత్తోనే రాశాడు. ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదు? తేమా ఉప్పుగాలీ ఈ ఊరికి కొత్తగా వచ్చినవి కావు. బీచ్ రోడ్డు పక్కనున్న ఇళ్ల కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అందరికీ తెలుసు. వైజాగ్‌లో కూర్చుని వైజాగ్ వాళ్లకి అమ్మే సరుకు వైజాగ్ గాలికి నెల రోజులైనా తట్టుకోవాలి. తట్టుకోకపోతే ఆ మాట డబ్బులు తీసుకునే ముందు చెప్పాలి.

అదే బాక్స్ చేత్తో పట్టుకుని ఒక కాలేజీ అబ్బాయి నిలబడి ఉన్నాడు. అతనికి జరిగింది చెప్పబోతే షాపాయన లేచి, "మా బేరం చెడగొట్టకండి, బయటికి నడవండి" అని అరిచాడు. నలుగురూ చూస్తుండగా అన్నాడు. 2,800 పోతే మళ్లీ సంపాదించుకుంటాను. ఆ మాట మాత్రం మరిచిపోలేను.

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. నేను 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రేపు షాపుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపుతున్నాను. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకపోయినా ఫర్వాలేదు, రెండేళ్లలోపు ఎప్పుడైనా వెయ్యొచ్చు. ఆ షాపులోనే ఇలా దెబ్బతిన్నవాళ్లు ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి. ఒక్కరు చేస్తే గొడవ మనిషి అంటారు, పదిమంది చేస్తే అలా అనలేరు.

తక్కువ ధర కండెన్సర్లన్నీ చెడ్డవని నేను అనను. దాదాపు ఇదే ధరది సీతమ్మధార ఫ్రెండ్ ఏళ్లుగా వాడుతున్నారు. పని అవగానే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టేస్తారు. నీలం రంగు గింజలు గులాబీకి మారితే మార్చేయాలి. బియ్యంలో మాత్రం పెట్టకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. మైకులోకి ఊదకండి, డయాఫ్రమ్‌ని గుడ్డతో తుడవకండి. అది కొన్ని మైక్రాన్ల మందం ఉండే పొర, ముట్టుకుంటే ఇక అంతే. ఉమ్మి తుంపర పడకుండా పాప్ ఫిల్టర్ ఉండాలి. సముద్రానికి మరీ దగ్గర ఇల్లయితే డైనమిక్ మైకు ఆలోచించండి. అందులో ఉండేది కాయిల్, అయస్కాంతం. ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, తేమకి ఇంతలా అల్లాడదు. ష్యూర్ ఎస్‌ఎమ్58 వచ్చింది 1966లో, ఇప్పటికీ స్టేజీల మీద కనిపిస్తూనే ఉంది. కాకపోతే డైనమిక్‌కి ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచేది) ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, అది సరిపోతుందో లేదో కొనేముందే చూసుకోండి.

వారంటీకి ఇచ్చేటప్పుడు సీలు కనిపించేలా కౌంటర్ మీదే వీడియో తీయండి. సీరియల్ నంబర్, "సీలు బాగానే ఉంది" అనే మాట రాయించుకుని సంతకం తీసుకున్నాకే మైకు వాళ్ల చేతికివ్వండి. బిల్లు ఫొటో కూడా కొన్నరోజే తీసి పెట్టుకోండి, మెషీన్‌లో అచ్చయిన బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి.