బెయిల్ గ్యారంటీ అని డబ్బులు అడిగేవాళ్లతో జాగ్రత్త, ముందు ఎఫ్ఐఆర్ చదవండి

ఇంట్లో ఎవరి మీదైనా పోలీసు కేసు పడి, ఆ టెన్షన్‌లో ఫోన్‌లో లాయర్ కోసం వెతుకుతున్నారా? ఎవరికీ ఒక్క రూపాయి కూడా పంపకముందే ఇది చదవండి. "బెయిల్ గ్యారంటీ", "కేసు కొట్టేయిస్తాం", "అన్నీ మేమే చూసుకుంటాం" అని ఆన్‌లైన్‌లో ప్యాకేజీలు అమ్మే ఒక లీగల్ సర్వీసు చేతిలో మా కుటుంబం నలిగిపోయింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పైగా ఇదే పద్ధతిలో పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి పేరు కన్నా ఆ పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మా తమ్ముడికీ పక్కింటాయనకీ బండి పెట్టే చోటు దగ్గర గొడవైంది. మాటా మాటా పెరిగి ఒకరినొకరు తోసుకున్నారు, ఆయన స్టేషన్‌కెళ్లి కంప్లయింట్ ఇచ్చాడు, ఎఫ్ఐఆర్ అయింది. నాన్నకి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన ఫోన్ చేసిన సర్వీసులో అవతలి మనిషి ఎఫ్ఐఆర్ కాపీ పంపమనలేదు, ఏ సెక్షన్లు పెట్టారని అడగలేదు, దెబ్బలు ఎవరికి తగిలాయని కూడా అడగలేదు. "నాన్‌బెయిలబుల్ అండీ, ఈ రాత్రికే వచ్చి తీసుకెళ్తారు, ముందస్తు బెయిల్ వేసెయ్యాలి, ప్యాకేజీ మొత్తం ఇప్పుడే కట్టేయండి" అన్నాడు. నాన్న కట్టేశారు.

ఎఫ్ఐఆర్‌లో ఉన్నవి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 115(2), 126(2). మొదటిది మామూలు దెబ్బలు, రెండోది దారికి అడ్డం నిలబడి ఆపడం, రెండూ బెయిలబుల్. బెయిలబుల్ కేసులో బెయిల్ మన హక్కు, జామీను ఇస్తే స్టేషన్‌లోనే ఇచ్చేస్తారు. అరెస్టుకి ముందే తీసుకునే ముందస్తు బెయిల్ అనేది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 482 కింద నాన్‌బెయిలబుల్ నేరాలకే ఉంటుంది. అంటే మాకు అమ్మింది మా కేసులో అసలు లేనే లేనిది!

డబ్బు అందాక మాట మారింది. "మా ప్యానెల్ లాయర్ గారు చూసుకుంటున్నారు" అంటారు, ఆ లాయర్ గారు ఎవరో చెప్పరు. రసీదు అడగ్గా అడగ్గా వాట్సాప్‌లో పంపారు, దాని మీద ఏ లాయర్ పేరూ లేదు, లాయర్‌గా బార్ కౌన్సిల్‌లో నమోదైన ఎన్‌రోల్‌మెంట్ నెంబరూ లేదు, "డాక్యుమెంటేషన్, కన్సల్టేషన్ చార్జీలు" అని ఒకే ఒక్క లైను ఉంది. చార్జిషీట్ పడి కోర్టు నుంచి సమన్లు వస్తే "మీరు రానక్కర్లేదు, మావాళ్లు హాజరవుతారు" అన్నారు. ఎవరూ హాజరవలేదు, అసలు వకాలతే (మన తరఫున వాదించడానికి లాయర్‌కి మనం సంతకం పెట్టి ఇచ్చే పత్రం) వెయ్యలేదు. వాయిదాకి మనిషీ లేడు, లాయరూ లేడు కాబట్టి కోర్టు నాన్‌బెయిలబుల్ వారంట్ ఇచ్చింది. కానిస్టేబుల్ వారంట్ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాకా మాకు ఆ సంగతే తెలియదు. జామీను మీద బయటికొచ్చి వాయిదాలకి తిరిగితే సరిపోయే కేసులో మా తమ్ముడు అరెస్టు దాకా వెళ్లాడు. చివరికి ఆ కోర్టులోనే ప్రాక్టీస్ చేసే ఒక అడ్వకేట్ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి రీకాల్ పిటిషన్ వేసి వారంట్ రద్దు చేయించారు. ఆ రెండు సెక్షన్లూ రాజీ పడదగ్గవే అని ఆయన చెప్పేదాకా మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది.

అందుకే ముందు ఎఫ్ఐఆర్ తెచ్చుకోండి అంటున్నాను. కొన్ని సున్నితమైన కేసులు తప్ప మిగతావి పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. మొదటి పేజీలో పైనే చట్టాలు, సెక్షన్లు అని ఉంటుంది, చూడాల్సింది అక్కడ. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి కొత్త నెంబర్లు వచ్చాయి, అంతకుముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లే. పాత 420 ఇప్పుడు 318(4), పాత 307 ఇప్పుడు 109, 498ఏ ఇప్పుడు 85. జనానికి ఇంకా పాత నెంబర్లే నోట్లో ఉన్నాయి కాబట్టి భయపెట్టేవాళ్లకి ఈ గందరగోళం బాగా కలిసొస్తోంది, ఏ నెంబరు చెప్పినా మనం నమ్మేస్తాం.

నాన్‌బెయిలబుల్ అనగానే బెయిల్ రాదనుకోకండి. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఆలోచించి తేలుస్తుంది, అంతే. చీటింగ్, భార్య పెట్టిన వేధింపుల కేసు లాంటివి ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నవి. వీటిలో అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి, అందరూ ఇప్పటికీ 41ఏ నోటీసు అంటారే, అదే. పిలిచినప్పుడు వెళ్లి సహకరిస్తుంటే, కారణాలు రాసి చూపిస్తే తప్ప అరెస్టు చెయ్యకూడదు. ఆ నోటీసు అందుకుని కనపడకుండా పోతే మాత్రం చేజేతులా అరెస్టు తెచ్చుకున్నట్టే. నోటీసు వచ్చిందంటే లాయర్‌ని కలవాల్సిన రోజు అదే.

చెక్ బౌన్స్ గురించి చెప్పి "రేపు పోలీసులొస్తారు" అని బెదిరిస్తే నమ్మకండి. సెక్షన్ 138 కేసు పోలీసు స్టేషన్‌లో నమోదు కాదు, నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో వేస్తారు, అది కూడా నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు గడువిచ్చిన తర్వాతే. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. హత్యాయత్నం, మైనర్లకి సంబంధించిన పోక్సో కేసులు, గంజాయి కేసులు. గంజాయిలో కేజీ దాకా చిన్న పరిమాణం, 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం, అక్కడ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) సెక్షన్ 37 అడ్డం వస్తుంది, బెయిల్ చాలా కష్టం. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చెయ్యమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇస్తుంది, ఆ హక్కు ఉందని ముందే చెప్పారా లేదా అన్నదాని మీద కేసులు నిలబడతాయి, పడిపోతాయి. ఇలాంటివి పట్టుకోవాలంటే పంచనామా (సోదా, స్వాధీనం ఎలా జరిగాయో సాక్షుల ముందు రాసే కాగితం) అక్షరం అక్షరం చదివే లాయర్ కావాలి, కాల్‌సెంటర్ మనిషి కాదు.

మంచి లాయర్ పని తీర్పు నాడు మొదలవదు, మొదటి రోజే మొదలవుతుంది. అరెస్టు చేస్తే 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, లాయర్‌ని కలిసే హక్కు ఉంది, రెండూ రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టం, అయినా తెల్లకాగితాల మీద పెట్టమంటే జనం పెట్టేస్తుంటారు, దయచేసి పెట్టకండి. సంఘటన జరిగిన చోట సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ కొన్నాళ్లకి చెరిగిపోతుంది, దాన్ని భద్రపరచమని వెంటనే అడగాలి.

రోజుల లెక్క ఇంకా ముఖ్యం. రిమాండ్‌లో ఉన్న మనిషి మీద 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో చార్జిషీట్ వెయ్యకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఎన్‌డీపీఎస్ వాణిజ్య పరిమాణానికి అది 180 రోజులు. కానీ గడువు దాటాక చార్జిషీట్ పడేలోపు మన లాయర్ అడగాలి. అడగకుండా కూర్చుంటే, ఈలోగా చార్జిషీట్ పడిపోతే, ఆ హక్కు పోయినట్టే. ఒక్క రోజు నిర్లక్ష్యానికి లోపలున్న మనిషి నెలలు లోపలే ఉండిపోతాడు. ఇంత బరువైన పనిని మొహం కూడా చూడని మనిషి చేతిలో ఎలా పెడతాం చెప్పండి!

లాయర్‌ని పెట్టుకునేటప్పుడు మనిషిని నేరుగా కలవండి. పేరు, ఎన్‌రోల్‌మెంట్ నెంబర్ రాసుకోండి. వకాలత్ మీద ఎవరి పేరుందో చదివి సంతకం పెట్టండి. కేసు కోర్టులో నమోదయ్యాక 16 అక్షరాల సీఎన్ఆర్ నెంబర్ వస్తుంది, ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో, క్రితంసారి ఏం జరిగిందో కనిపిస్తుంది. "మేం చూసుకుంటాం" అన్న మాట కాకుండా ఆ తెర మీద ఉన్నది నమ్మండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం, ప్రకటనలిచ్చి కేసులు పట్టడం కూడా అంతే. కాబట్టి గ్యారంటీ అన్న బోర్డు కనపడితే అక్కడ ఆగిపోండి. ఇంకోటి, లాయర్ సేవలో లోపం ఉందని వినియోగదారుల కోర్టుకి వెళ్లలేం, 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అడ్వకేట్ తప్పు చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యాలి. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపుకునే హక్కు కూడా ఏ లాయర్‌కీ లేదు.

డబ్బు లేదని ఇలాంటి ప్యాకేజీలకి పోవద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది, చట్టం చెప్పిన ఇంకొన్ని వర్గాలకీ అంతే, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100, లేదా జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, నేరుగా వెళ్లండి.

ఇప్పటికే ఎవరికైనా కట్టేసి ఉంటే ఈ రోజే యాప్‌లో మీ కేసు చూడండి. వకాలత్ పడలేదనో వారంట్ ఉందనో తెలిస్తే ఆ కోర్టులోని అడ్వకేట్‌తో కలిసి మీరే ముందుగా వెళ్లి రీకాల్ పిటిషన్ వేయండి, పట్టుకొచ్చేదాకా ఆగకండి. చెల్లించిన స్క్రీన్‌షాట్లు, చాట్లు, కాల్ వివరాలు ఏవీ డిలీట్ చెయ్యకండి. మా ఫిర్యాదుకి ఆధారం అవే.