నయాగరా రెయిన్‌బో వంతెన: నడిచి దాటేవారికే అసలు అందం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికీ కెనడాలోని ఒంటారియోకూ చెందిన, నయాగరా ఫాల్స్ అనే ఒకే పేరున్న రెండు పట్టణాలను కలిపే రెయిన్‌బో వంతెనను కారులో దాటేవారు దాని అందంలో సగం కూడా చూడలేరని నా అభిప్రాయం. ఇక్కడే ఉన్న పాత వంతెన 1938 జనవరిలో నదిలో పేరుకున్న మంచుగడ్డల ఒత్తిడికి కూలిపోగా, 1941 నవంబరులో ప్రారంభమైన ఈ ఉక్కు కమాను పునాదులను నీటిమట్టానికి బాగా ఎత్తున, లోయ అంచుల్లో నిలిపారు.

కాలిబాట జలపాతాల వైపే ఉండటం దీని పెద్ద సుగుణం. నీటికి సుమారు 200 అడుగుల ఎత్తున, నడుమ సరిహద్దును సూచించే లోహఫలకం దగ్గర నిలబడితే, ఎడమన అమెరికన్ జలపాతమూ, దూరాన తుంపరల తెర వెనుక గుర్రపునాడా జలపాతమూ ఒకే చూపులో కనిపిస్తాయి. గాలి మాత్రం టోపీని ఉంచనివ్వదు. లారీలకు ప్రవేశం లేకపోవడం వల్ల నడక ప్రశాంతంగానే సాగుతుంది.

లోటల్లా తనిఖీల దగ్గరే; వేసవి సెలవుల్లో కార్ల వరుస విసుగెత్తిస్తుంది. భారతీయ పాస్‌పోర్టుతో, గ్రీన్‌కార్డు లేకుండా అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ముఖ్యంగా గమనించవలసిందేమిటంటే, అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెనడాలో అడుగుపెట్టనివ్వరు, దానికి వేరే వీసా కావాలి. పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఈ సంగతి ఇంటి దగ్గరే సరిచూసుకోవాలి.