ప్యూజో దింపి డీఐ ఎక్కించిన పాత జీపు: కొన్నేళ్ళు నడిపాక నా సమీక్ష

62 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజిన్ దింపించి 63 గుర్రాల ఇంజిన్ ఎక్కించాను. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి కూడా "ఏటండీ బాబూ, ఒక్క గుర్రానికి ఇంత ఖర్చా?" అన్నాడు. అన్నాడే గాని, ఆ రెండు ఇంజిన్ల తేడా నాకంటే అతనికే బాగా తెలుసు.

బండి మహీంద్రా ఎమ్మెమ్ 540, 1991 మోడల్, ఏపీ 31 నంబరు. నర్సీపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాను. అందులో మొదట ఉన్నది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90. 2112 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. దాన్ని చెడ్డ ఇంజిన్ అనను. 4500 ఆర్‌పీఎం దాకా తిరిగేది, ఆ కాలపు డీజిల్‌కి అది చాలా ఎక్కువ. ఖాళీ బండితో బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళి వస్తుంటే ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. నా దగ్గరికి వచ్చేసరికి అది బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి. నీలం పొగ, ఆయిల్ తాగడం, అనంతగిరి ఘాట్‌లో సగం ఎక్కేసరికి హీటు ముల్లు ఎర్రగీత దగ్గర. రీబోర్ చేయిద్దామంటే మంచి సామాను దొరకదు, దొరికినదాని మీద నమ్మకం కుదరదు.

సలహాలకు కొదవ లేదు. ఒకరు టయోటా డీజిల్ పెట్టమన్నారు, ఇంకొకరు స్కార్పియో సీఆర్‌డీఈ పెట్టమన్నారు. సీఆర్‌డీఈ అంటే కంప్యూటర్ నడిపించే కొత్త తరం డీజిల్. బలమైనదే, కాని దానితో పాటు ఈసీయూ అనే ఆ కంప్యూటర్, సెన్సర్లు, వైరింగ్ అంతా తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ళ జీపులో, అదీ పెదవాల్తేరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట రాత్రంతా బయట నిలబడే బండిలో, ఆ కనెక్టర్లు ఎన్నాళ్ళు పచ్చబడకుండా ఉంటాయి? నేను వెళ్ళేది పాడేరు, చింతపల్లి, అరకు వైపు. అక్కడ రోడ్డు మీద తిరిగే బండ్లలో బొలెరోలే ఎక్కువ. బొలెరో డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బో ఇంజిన్ అయితే ఏ సందులో మేస్త్రి అయినా కళ్ళు మూసుకుని విప్పుతాడు. పంపు, నాజిళ్ళు అన్నీ మెకానికల్. బ్యాటరీ పోయినా పల్లానికి తోసి గేరులో పడేస్తే లేస్తుంది. నా నిర్ణయానికి మూడొంతుల కారణం అదే.

ఇప్పుడు ఆ ఒక్క గుర్రం సంగతి. డీఐ 2523 సీసీ. బోరు 88.9, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 101.6 మిల్లీమీటర్లు, అంటే కచ్చితంగా మూడున్నర అంగుళాలు, నాలుగు అంగుళాలు. మహీంద్రా 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లలోకి దిగింది. ఈ ఇంజిన్ వంశం ఆ ట్రాక్టర్లదే, నడత కూడా అదే. టర్బోతో 3200 ఆర్‌పీఎం దగ్గర 63 గుర్రాలు ఇస్తుంది, అక్కడితో దాని తిరుగుడు అయిపోతుంది. కాని 1500, 1800 మధ్య 18 కిలోగ్రామ్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఉంటుంది. పాత ప్యూజోకి 2000 దగ్గర పన్నెండు చిల్లర. ఘాట్‌లో నింపాదిగా ఎక్కేటప్పుడు ఇంజిన్ సుమారు 1600 మీద ఉంటుంది కదా, అక్కడ లెక్క వేసి చూడండి. పాతది ఇచ్చేది పాతిక గుర్రాలు, కొత్తది నలభై. బ్రోషర్‌లో తేడా ఒకటి, కొండ మీద తేడా పదిహేను. మా మేస్త్రికి ఈ లెక్కలన్నీ చెబితే "అదే కదండీ, కింద నుంచి లాగుద్ది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇంజిన్ విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాను. ముందు భాగం దెబ్బతిన్న బొలెరోలోది. బిల్లు, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం చేతికి వచ్చాకే డబ్బు ఇచ్చాను. టర్బో, వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్, సెల్ఫ్ అన్నీ దానితోనే రావాలని ముందే మాట్లాడుకున్నాను. విడివిడిగా కొంటే తడిసి మోపెడవుతుంది. పాత డీఐ జీపుల క్లచ్ హౌసింగ్ దొరికింది కాబట్టి నా నాలుగు గేర్ల బాక్సు, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అలాగే ఉంచేశాం. హౌసింగ్ బిగించాక దాని మధ్య రంధ్రం క్రాంక్‌తో సరిగ్గా ఒకే గీతలో ఉందో లేదో డయల్ గేజ్ పెట్టి చూడాలి. చాలా షాపుల్లో ఈ పని చేయరు. కంటికి బాగానే కనిపిస్తుంది, ఏడాది తిరక్కుండా గేర్‌బాక్సు ముందు బేరింగు అరవడం మొదలుపెడుతుంది.

అసలు తలనొప్పి ఫౌండేషన్లతో, అంటే ఇంజిన్‌ని ఛాసిస్ మీద నిలబెట్టే బ్రాకెట్లు, రబ్బర్లతో వచ్చింది. ప్యూజో కంటే డీఐ బరువు, పైగా ఐడిల్‌లో విపరీతంగా ఊగుతుంది. మొదట పని చేసిన షాపువాళ్ళు ఒక ఇనప రేకు కోసి, ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ కొట్టి, దాని మీద రబ్బరు పెట్టి వదిలేశారు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత మూడో గేరులో కింద నుంచి టక్ టక్ అని చప్పుడు. పిట్ మీదకెక్కించి, వైర్ బ్రష్‌తో మట్టి గీకితే వెల్డింగ్ పక్కనే, ఛాసిస్ రేకు మీద, వెంట్రుకంత సన్నగా తుప్పు రంగు గీత కనిపించింది. స్క్రూడ్రైవర్ మొన పెడితే దిగబడింది. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఇనుము పెళుసైపోతుంది, దాని మీద ఇంజిన్ ఊపు, దాని మీద మన ఉప్పు గాలి. అప్పుడు గాజువాక మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆ భాగం కోసి, ఛాసిస్ లోపలా బయటా మందం ప్లేట్లు పెట్టి, బ్రాకెట్లను బోల్టులతో బిగించాడు. బొలెరో రబ్బర్లే వేశాడు. అప్పటి నుంచి చప్పుడు లేదు. ఇంజిన్ మార్పిడి చేయించిన జీపు ఎక్కడైనా కొనబోతుంటే బానెట్ ఎత్తి మురిసిపోకండి, ముందు కిందకి దూరి ఫౌండేషన్ పక్కన ఛాసిస్ చూడండి.

చిన్న పనులు ఇంకా ఉన్నాయి. రేడియేటర్ మూడు వరసల రాగి కోర్‌తో కొత్తగా కట్టించాను, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ పెట్టించాను. ముందు కమాన్ కట్టలు బరువుకి కిందకి దిగిపోయి, గుంతలో పడితే ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ ముందు యాక్సిల్ హౌసింగ్‌ని తాకేలా అయింది. చెరో ఆకు కలిపితే సరిపోయింది. బ్రేకులకు బూస్టర్ కూడా అప్పుడే పెట్టించాను, ఆల్టర్నేటర్ మీద వాక్యూమ్ పంపు ఎలాగూ ఉంది. కొండ ఎక్కించే బలం పెంచుకున్నవాడు దిగే సంగతి కూడా చూసుకోవాలి.

ఇంత చేశాక బండి రోడ్డెక్కితే ఘాట్‌లో స్వర్గం, హైవే మీద నరకం. కారణం గేరింగ్. యాక్సిల్ లోపల చక్రాలను తిప్పే చివరి గేర్ల జతే క్రౌన్ పినియన్. నా బండిది 43, 8 పళ్ళ జత, అంటే 5.38: షాఫ్ట్ అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఎక్కువ తిరిగే ఇంజిన్‌కి అది సరిపోయేది. 3200 దగ్గర ఆగిపోయే డీఐకి అదే జత ఉంచితే లెక్క ప్రకారమే 78 కిలోమీటర్ల దగ్గర కథ ముగుస్తుంది. నిజానికి 60 దాటాక అరుపే గాని పరుగు ఉండదు. ఆనందపురం నుంచి విజయనగరం రోడ్డు ఎక్కితే వెనక నుంచి లారీలు హారన్ కొట్టేవి. చివరికి 39, 8 పళ్ళ జత, అంటే 4.88, ముందు వెనక హౌసింగులు రెండింటికీ వేయించాను. ఒక్క వెనక దానికే వేయిస్తే చాలదా అని అడిగేవాళ్ళుంటారు. చాలదు. రెండు హౌసింగుల రేషియో వేరైతే ఫోర్ బై ఫోర్ వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. ఇప్పుడు 65లో హాయిగా పోతుంది, అవసరమైతే 80. అంతకంటే జీపుకి అక్కర్లేదు. ఇంజిన్ మార్చాలనుకునే కుర్రాళ్ళు నన్ను అడిగేది ఎన్ని గుర్రాలు, టర్బో ఎంత సైజు అని. క్రౌన్ పినియన్ పళ్ళెన్ని అని అడిగినవాడు ఇంతవరకూ తగల్లేదు.

కొండల్లో మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ కనిపిస్తుంది. ఎస్.కోట దాటి శివలింగపురం దగ్గర ఘాట్ మొదలవుతుందా, అక్కడ నుంచి అనంతగిరి దాకా పాత ఇంజిన్‌తో రెండో గేరు, మలుపుల్లో మొదటి గేరు. ఇప్పుడు ఐదుగురు మనుషులు, సామానుతో చాలా దూరం మూడో గేరులోనే లాగేస్తుంది. బురదలో లో గేరు వేసి క్లచ్ వదిలేస్తే, యాక్సిలరేటర్ తొక్కకుండా దానంతట అదే పాకుతూ పోతుంది. వంజంగి కొండ దారిలో వర్షం తర్వాత దీని విలువ తెలుస్తుంది.

చలి సంగతి వేరే చెప్పాలి. ప్యూజోలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో పడి మండుతుంది, ఆ గది గోడలు చల్లగా ఉంటే పట్టుకోదు. అందుకే హీటర్ ప్లగ్గులు వెలిగించి కాసేపు ఆగాలి. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున ఒక ప్లగ్గు పోయిందంటే ఇక తోపుడే. డీఐలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది, వేడి గోడలకు పోయేది తక్కువ. అదే లంబసింగిలో అదే చలిలో సగం సెల్ఫ్‌కే లేస్తుంది. మైలేజీ పెరగడానికీ కారణం అదే. పాతది లీటరుకు పది దాటేది కాదు, ఇది ఊరి బయట పన్నెండు, పదమూడు మధ్య ఇస్తోంది.

నచ్చనివీ ఉన్నాయి. చప్పుడు, ముఖ్యంగా. సిగ్నల్ దగ్గర ఆగితే సైడ్ మిర్రర్‌లో వెనక బండి నంబరు చదవలేం, అద్దం అంతలా వణుకుతుంది. మా ఆవిడ జగదాంబ దాకా కూడా ఇందులో రాదు. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్‌లో ముందు బరువు భుజాలకు తెలుస్తుంది. రోజూ ఊళ్ళో తిరగడానికి బండి కావాలంటే ఈ మార్పిడి వద్దు. ప్యూజో బాగున్న జీపు దొరికితే దాన్నే కాపాడుకోండి.

కాగితాల మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇంజిన్ కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అర్జీ పెట్టాను. అదే కంపెనీ, అదే ఇంధనం, ఆ కంపెనీయే ఇలాంటి జీపుల్లో అమ్మిన ఇంజిన్ కుటుంబం కావడంతో తనిఖీ తర్వాత ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కింది. సీసీ మారుతుంది కాబట్టి ప్రశ్నలు చాలానే వచ్చాయి. నాకు ఇచ్చారు కదా అని మీకూ ఇస్తారని చెప్పను. వేరే కంపెనీ ఇంజిన్ అయితే ఆ వైపు ఆలోచనే వద్దంటాను. ఆర్సీలో నంబరు ఎక్కాక బీమా కంపెనీకి కూడా రాసి పాలసీలో మార్పించుకోవాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు అదే సాకు అవుతుంది. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఎలాగూ తప్పవు. ఇంజిన్ నంబరు మీద తుప్పు పట్టకుండా గ్రీజు పూసి ఉంచండి. తనిఖీలో ముందు చూసేది అదే.

ఖర్చు మొత్తం రెండున్నర లక్షలు దాటింది. అందులో ఇంజిన్ ధర సగం కూడా కాదు. మిగతాదంతా రేడియేటర్, ఫౌండేషన్లు, క్రౌన్ పినియన్లు, కూలీ. ప్రస్తుతం ఉన్న ఒకే ఒక్క రోగం ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారడం. నెలకు కాస్త ఆయిల్ పోయడంతో సరిపెడుతున్నాను. గేర్‌బాక్సు దింపకుండా అది మారదు, దింపితే క్లచ్ ప్లేటు కూడా అప్పుడే వేసేద్దామని మేస్త్రి అంటున్నాడు. వర్షాలు తగ్గాక ఆ పని పెట్టుకుంటాం.