22 అంగుళాల బార్ తీసేశాక

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిపోయాక మా తోటలో నిలబడ్డ చెట్ల కంటే పడిపోయినవే ఎక్కువ. అద్దె మిషన్ల కోసం ఎదురుచూసే ఓపిక లేక 58 సీసీ చైన్ సా కొన్నాను, 22 అంగుళాల బార్‌తో. బార్ అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి పలక. పెద్దదైతే ఏ చెట్టుకైనా పనికొస్తుంది కదా అనుకున్నాను. ఏడేళ్లుగా వాడుతున్నాను. ఇంజిన్ మంచిదే. నా కోపమంతా ఆ బార్ మీదే.

మా నేల ఇసుక. కొబ్బరి మాను మహా అయితే అడుగు మందం. కోస్తుంటే అవతల ఇంకా పది అంగుళాల బార్ మిగిలి ఉంటుంది. మన కళ్లేమో కోత మీద ఉంటాయి, ఆ కొస ఎటు దిగుతోందో తెలియదు. రెండో మానుకే ఇసుకలో దిగింది. అంతదాకా పీలికలుగా రాలుతున్న పొట్టు ఒక్కసారిగా పిండిలా అయిపోయింది. మాడు వాసన మొదలైంది. ఎంత నొక్కినా దిగడం లేదు. ఆపి చూస్తే పళ్ల అంచులు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. పదునున్న అంచు అలా మెరవదు. ఆ చైనుకు 43 పళ్లు. జీడిచెట్టు నీడన కూర్చుని 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్దేసరికి పూట గడిచిపోయింది. మర్నాడూ అదే గతి. కొబ్బరి మాను పై పొర అసలే గట్టిది, దానికి ఈ ఇసుక తోడు.

రెండేళ్లకు బార్ అరిగితే పలాసలో దుకాణాయన, "కొబ్బరికీ జీడికీ అంత పొడుగెందుకు బాబూ, 18 వేసుకోండి" అన్నాడు. పాత చైను పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం) చూసి, సరిపోయేది ఇచ్చాడు. ఇంజిన్ అదే, పళ్లు మాత్రం 36. మొదటి కోతకే తేడా తెలిసింది. ముందువైపు బరువు తగ్గింది, ఇంజిన్ ఊపు తగ్గకుండా దిగిపోయింది, సాయంత్రానికి మణికట్టు లాగలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అందులో కొత్త చైను పదును కూడా ఉందనుకోండి. పైగా అప్పటినుంచే మాను కింద దుంగ పెట్టి ఎత్తి కోయడం నేర్చుకున్నాను. ఆ పని ముందే చేసి ఉంటే 22తో కూడా ఇంత ఇబ్బంది పడేవాణ్ణి కాదేమో.

మొన్న రెండడుగుల పైన మందమున్న పనస చెట్టు కోసేటప్పుడు ఇబ్బందైంది. రెండువైపుల నుంచీ కోయాల్సి వచ్చింది. కోతలు ఒకదానికొకటి కలవలేదు, బార్ మధ్యలో బిగుసుకుంది. మిషన్ ఆపేసి, కోతలో చెక్కముక్క కొట్టి విడిపించాను.

నాది ఇసుక నేల, నావి అడుగు మందం చెట్లు, పని ఒక్కణ్ణే చేసుకుంటాను. చింతలు, మామిళ్లు కోసేవాళ్ల లెక్క వేరు. నేనైతే మళ్లీ కొనాల్సి వస్తే దుకాణంలోనే 18 బిగించి ఇమ్మంటాను. మిషన్‌తో వచ్చే 22ది మాత్రం వదిలిపెట్టను, నూనె రాసి అటక మీద పెడతాను.