లైనక్స్‌కు వైరస్ సోకదా? ఏళ్ల వాడకం తరువాత ఒక డీటీపీ దుకాణదారు సమీక్ష

అనంతపురం కమలానగర్‌లో నాకు డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. కౌంటరు మీది కంప్యూటర్‌లోనూ, కస్టమర్లు కూర్చునే కంప్యూటర్లలోనూ విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, మొదట ఉబుంటు, తరువాత లైనక్స్ మింట్ అనే రూపాలలో, వేసుకుని ఏళ్ల తరబడి వాడుతున్నాను. తెలుగు పేజీల పని జరిగే యంత్రంలో మాత్రం విండోస్ ఉంది. దుకాణానికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులలో కొందరు, ‘లైనక్స్ ఏసుకుంటే వైరస్ అనే మాటే ఉండదన్నా’ అంటారు. మరికొందరు, దాన్ని వాడేవారే తక్కువ కనుక దాని జోలికి ఎవరూ పోరని, అంతకు మించిన గొప్పతనమేమీ లేదని వాదిస్తారు. ఒకే పెన్‌డ్రైవ్ ఈ యంత్రంలోనూ ఆ యంత్రంలోనూ పడుతుండగా రోజూ చూస్తున్నవాడిగా, ఈ రెండు వాదనలూ నాకు పూర్తిగా రుచించవు.

మా బోటి దుకాణాలకు వైరస్ ఇంటర్నెట్ కంటే పెన్‌డ్రైవ్ ద్వారానే ఎక్కువగా వస్తుంది. సెమిస్టర్ చివరలో ప్రాజెక్టు రిపోర్టుల ప్రింటు కోసం వచ్చే పెన్‌డ్రైవ్‌లు హాస్టల్ గదులన్నీ, ఊళ్లోని దుకాణాలన్నీ తిరిగి మా దగ్గరికి చేరతాయి. అందరూ షార్ట్‌కట్ వైరస్ అని పిలిచేది విండోస్‌లో తెరిస్తే తొందరగా పట్టుబడదు. ‘ఫైనల్ రిపోర్టు’ అన్న ఫోల్డర్ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, అంతే తేడా. నిజానికి అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. దాన్ని రెండుసార్లు నొక్కితే ముందు లోపల దాగిన స్క్రిప్టు, అంటే ఆదేశాల ఫైలు, నడిచి, ఆ వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అదే పెన్‌డ్రైవ్‌ను మింట్‌లో పెడితే కథ వేరుగా ఉంటుంది. విండోస్ ‘దాచిన ఫైలు’, ‘సిస్టమ్ ఫైలు’ అని వేసుకునే గుర్తులను లైనక్స్ ఫైల్ మేనేజరు పట్టించుకోదు కనుక, అసలు ఫోల్డరూ, దాని పక్కనే ఒకటి రెండు కిలోబైట్ల ఎల్ఎన్‌కే ఫైలూ (అదే ఆ షార్ట్‌కట్), అర్థం లేని అక్షరాల పేరుతో ఒక వీబీఎస్ ఫైలూ (అదే ఆ దాగిన స్క్రిప్టు) వరుసగా బయటపడతాయి. కొన్ని రకాలు ఫైళ్లన్నిటినీ పేరే లేనట్టు కనిపించే ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. ఖాళీ జాగాలా కనిపించే ఒక అక్షరమే ఆ ఫోల్డర్ పేరు. ‘రిపోర్టంతా పోయింది సార్’ అని ముఖం వేలాడేసుకుని వచ్చిన పిల్లవాడికి, విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అట్రిబ్ ఆదేశం కొట్టి చూపించవలసిన ఫైళ్లను ఇక్కడ ఊరికే పెన్‌డ్రైవ్ తెరిచి చూపించవచ్చు. ఈ ఒక్క పనికోసమైనా కౌంటరు మీద లైనక్స్ యంత్రం ఉండాలని నేను తోటి దుకాణాలవారికి చెబుతుంటాను.

అయితే ఆ వీబీఎస్ ఫైలు మా యంత్రాన్ని ఏమీ చేయలేదు గానీ, అది చచ్చిపోనూ లేదు. మేము తుడిచేయకుండా పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేస్తే, అది మరో విండోస్ యంత్రానికి పదిలంగా చేరుతుంది. అందుకే లైనక్స్‌లోనూ క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ పెట్టుకున్నాను. అది కాపాడేది ఎక్కువగా ఇతరుల కంప్యూటర్లను.

ఇక ఆ వీబీఎస్ ఫైలు లైనక్స్‌లో ఎందుకు నడవలేదన్న ప్రశ్నకు జవాబు చాలా మామూలుది. విండోస్ కోసం కట్టిన ప్రోగ్రామును లైనక్స్ నేరుగా నడపలేదు. వరికి వచ్చే అగ్గితెగులు వేరుశనగకు సోకదు; అంతమాత్రాన వేరుశనగకు తెగుళ్లే లేవని మా జిల్లా రైతు ఎవరూ అనరు. పైగా వైన్ అనే పొరను వేసుకుని విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపేవారికి ఈ తేడా కూడా కొంత చెరిగిపోతుంది, ఎందుకంటే ఆ దారిన కొన్ని విండోస్ వైరస్‌లు కూడా నడవగలవు, వాడుకరి ఫైళ్లు వాటికి అందుతాయి.

లైనక్స్ నిర్మాణంలో నిజంగా మెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు నడిచే అనుమతి దానంతట అదే రాదు. కొత్త ప్రోగ్రాము కావాలంటే గూగుల్‌లో వెతికి ఏదో సైటు నుంచి సెటప్ ఫైలు తెచ్చుకోనవసరం లేకుండా, ఆ సిస్టమ్ తయారీదారులే నడిపే, డిజిటల్ సంతకం చేసిన ప్రోగ్రాముల భాండాగారం నుంచే అది వస్తుంది. మా దగ్గర కస్టమర్ల ఖాతాకు సుడో, అంటే అడ్మిన్ అధికారం లేదు కాబట్టి సిస్టమ్ ఫైళ్ల మీద వారి చేయి పడదు. ఈ మూడింటిలో భాండాగారం అలవాటే అన్నిటికంటే గట్టి రక్షణ అని నా అనుభవం, ఎందుకంటే మా విండోస్ యంత్రంలోకి చెత్త వచ్చిన ప్రతిసారీ అది ఉచితంగా దొరికిన పీడీఎఫ్ కన్వర్టరో, ఫాంటు మార్చే ప్రోగ్రామో వెంటపెట్టుకుని వచ్చినదే.

కానీ లైనక్స్ అభిమానులు దాటవేసే విషయం ఒకటి ఉంది. నా దుకాణంలో విలువైనది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. అది పాడైతే పెన్‌డ్రైవ్ పెట్టి కొద్దిసేపట్లో మళ్లీ ఎక్కించుకోవచ్చు. పెళ్లిపత్రికల డిజైన్లు, కోర్టు కాగితాల టైపింగు, స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌పుస్తకాలు పోతే మాత్రం మళ్లీ రావు, అవన్నీ ఉండేది హోమ్ ఫోల్డర్‌లో. వాటిని చదవడానికి గానీ, ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు తెరవరాకుండా చేసి) డబ్బు అడగడానికి గానీ రూట్ (అడ్మిన్) పాస్‌వర్డు అక్కర్లేదు. నా ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రాముకైనా ఆ హక్కు ఉంటుంది. సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉందిలే అని ధీమాగా ఉండేవారు, అది మామూలు అమరికలో హోమ్ ఫోల్డర్‌ను కాపీ తీయదన్న సంగతి ఒకసారి చూసుకోవడం మంచిది.

చరిత్ర చూసినా, లైనక్స్‌కు నమూనా అయిన యునిక్స్ అనే పాత సిస్టమ్ కుటుంబానికి వైరస్ రాదనే వాదన నిలబడదు. ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధకుడు 1983లో వైరస్ ప్రయోగాలు మొదలుపెట్టినది యునిక్స్ నడిచే వ్యాక్స్ కంప్యూటర్ మీదే. ఆయన చేసిన 5 దాడులలో ప్రతిసారీ గంటలోపే సిస్టమ్ మీద పూర్తి అధికారం చేతికి వచ్చింది. 1988 నవంబరు 2న బయటికి వచ్చి, నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకిన మోరిస్ వర్మ్ కూడా సన్, వ్యాక్స్ యంత్రాలలోని యునిక్స్‌నే పట్టుకుంది. లైనక్స్‌కు ప్రత్యేకంగా రాసిన వైరస్‌లు స్టావోగ్ 1996లో, బ్లిస్ 1997లో కనిపించాయి. బ్లిస్ రాసినవారికి కొంచెం జాలి ఉన్నట్టుంది, తాను పట్టిన ఫైళ్లను తిరిగి శుభ్రం చేసే ఆదేశాన్ని కూడా దాంట్లోనే పెట్టారు.

రెండో వర్గం వాదన, అంటే వాడేవారు తక్కువ కనుక దాడులు లేవనేది, ఇంటి కంప్యూటర్ల వరకు కొంత నిజమే. కానీ వెబ్ సర్వర్లలో అత్యధిక భాగం లైనక్స్‌వే, ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లైనక్స్‌తోనే నడుస్తున్నాయి. దొంగలకు అక్కడ పని లేదనుకోవడం అమాయకత్వం. మా దుకాణం గోడకు ఉన్న సీసీ కెమెరాల రికార్డరులోనూ లైనక్సే ఉంది. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఇలాంటి రికార్డర్లనూ, కెమెరాలనూ, రౌటర్లనూ వెతికి పట్టుకుని, తయారీదారులు పెట్టి వదిలేసిన అరవై పైచిలుకు పేరు-పాస్‌వర్డు జతలను ఒక్కొక్కటిగా ప్రయోగించి లోపలికి దూరింది. అక్టోబరు 21న అలా కూడగట్టిన యంత్రాలతో డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (సైటు పేరును బట్టి దాని చిరునామా చూపించేది) మీద దాడి చేయడంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల పాటు అందుబాటులో లేకుండా పోయాయి. లైనక్స్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెలాంటి భాగంలో, లోపం వెతకవలసిన అవసరమే వారికి రాలేదు. ఆ వార్త చదివాక మా రికార్డరులో చూస్తే, బిగించిన కుర్రాడు పెట్టి వెళ్లినది పెట్టె మీద అచ్చు వేసిన పాస్‌వర్డే.

నేను వాడే మింట్‌కూ ఈ చేదు అనుభవం ఉంది. 2016 ఫిబ్రవరి 20న ఆ ప్రాజెక్టు వెబ్‌సైటులోకి చొరబడినవారు 17.3 సినమన్ సంచిక డౌన్‌లోడు లింకును మార్చి, దొడ్డిదారి ఉన్న ఐఎస్ఓ (సిస్టమ్ ఎక్కించుకునే ఫైలు) వైపు తిప్పారు. అప్పటి నుంచి ఐఎస్ఓ దించుకున్న ప్రతిసారీ చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని సరిపోల్చే అంకెలతో) పాటు తయారీదారుల డిజిటల్ సంతకాన్నీ సరిచూస్తున్నాను, ఎందుకంటే వెబ్‌సైటే దొంగల చేతిలో ఉంటే అక్కడ రాసిన చెక్‌సమ్‌ను నమ్మి లాభం లేదు. 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాము వ్యవహారం ఇంకా లోతైనది: 5.6.0, 5.6.1 సంచికలలో దాచిన దొడ్డిదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందన్న అనుమానంతో తవ్వి కనిపెట్టాడు. ఆయన అప్పుడు పనిచేస్తున్నది విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌లో కావడం, ఈ వాదనలో ఇరుపక్షాలవారూ గుర్తుంచుకోవలసిన విషయం.

మ్యాక్ నేను సొంతంగా వాడలేదు కనుక క్లుప్తంగానే చెబుతాను. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే దొంగ ప్రోగ్రాము జావాలోని లోపం ద్వారా 6 లక్షలకు పైగా మ్యాక్‌లలోకి చేరింది, 2016లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే కీరేంజర్, ట్రాన్స్‌మిషన్ అనే ప్రోగ్రాముతో కలిసి వచ్చింది.

విండోస్ గురించి న్యాయంగా మాట్లాడాలంటే, పాత ఎక్స్‌పీ కాలపు మచ్చను ఇంకా దానికి అంటగట్టడం సరికాదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే ప్రోగ్రాము నడిచే ఆటోరన్ విండోస్ 7లోనే పోయింది, విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా సిస్టమ్‌తోనే వస్తోంది. 2017 మే 12న మొదలైన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకున్న యంత్రాలు బతికిపోయాయి. మా విండోస్ యంత్రంలో రోజువారీ పనికి అడ్మిన్ కాని ఖాతా వాడడం, ఫైలు పేరు చివరి అక్షరాలు కనిపించేలా పెట్టడం మొదలైన తరువాత, ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని వచ్చే ఈఎక్స్‌ఈ (ప్రోగ్రాము) ఫైళ్ల బాధ దాదాపు లేదు.

ఈ మధ్య బెడద చాలావరకు బ్రౌజరులోకి మారింది, అక్కడ ఏ సిస్టమ్ అయినా ఒకటే. ఏదో సైటులో నోటిఫికేషన్లకు ‘అనుమతించు’ నొక్కిన కస్టమర్ వెళ్లిపోయాక, మింట్ తెర మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’ అనే హెచ్చరిక వచ్చింది. నొక్కి చూస్తే ఎర్ర గీతలతో సి డ్రైవ్ అంతా స్కాన్ అవుతున్నట్టు బొమ్మ నడుస్తోంది. లైనక్స్‌లో సి డ్రైవే ఉండదు కనుక నాకు నవ్వు వచ్చింది గానీ, పక్కనే కూర్చున్న పెద్దాయన కార్డు నంబరు ఇవ్వడానికి సిద్ధమైపోయాడు. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్ల సంగతీ అంతే. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెలే, అయినా ఎస్ఎంఎస్ చదివే అనుమతి మనమే ఇచ్చాక ఓటీపీ దొంగ చేతికి పోకుండా అది ఆపలేదు. అలా డబ్బు పోయినవారికి మా కౌంటరు దగ్గర మొదట చెప్పేది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనే.

వాడకంలో లైనక్స్ ఇబ్బందులు వైరస్‌తో సంబంధం లేనివి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసే తెలుగు పని దాని మీద సాఫీగా సాగదు. వేలిముద్ర పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు కొన్ని పనిచేస్తాయి, కొన్ని మొండికేస్తాయి. ఆ పనులే జీవనాధారమైనవారు విండోస్‌ను వదులుకోనవసరం లేదు. బ్రౌజరు, ప్రింటు, స్కానింగు వరకే పని ఉన్న కంప్యూటర్‌కు మాత్రం మింట్ హాయిగా సరిపోతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని అలాగే నెట్‌కు తగిలించి వాడడం కంటే ఇది చాలా మేలు. వేసుకునే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కులోకి ఎక్కించకుండానే) నడిపి, మీ ప్రింటరూ స్కానరూ పలుకుతున్నాయో లేదో చూసుకుని, ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకున్న తరువాతే పాతది తుడిచేయండి.